ఒక్కరికి కరిగే మనసు వెయ్యిమందికి ఎందుకు కరగదు? విరాళాల మనస్తత్వంపై తరచుగా అడిగే ప్రశ్నలు

విరాళాలు ఇచ్చేవాళ్లు, అడిగేవాళ్లు, ఊళ్లో సేవా సంఘాలు నడిపేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. మొదటి సగంలో పరిశోధనలు ఏం చెబుతున్నాయో ఉంది. రెండో సగంలో దాన్ని మన డబ్బు విషయంలో ఎలా వాడుకోవాలో ఉంది. వాట్సాప్‌లో వచ్చిన అప్పీల్ నిజమో కాదో తేల్చుకోవడమే మీకు కావాలంటే నేరుగా ఆ ప్రశ్నకు వెళ్లిపోవచ్చు.

అసలు ఈ విషయం ఏమిటి?

పేరు, ముఖం తెలిసిన ఒక్క మనిషికి సాయం కావాలంటే జనం వెంటనే ఇస్తారు, ఎక్కువ ఇస్తారు. అదే కష్టం వేలమందికి ఉందని అంకెల్లో చెబితే తక్కువ ఇస్తారు, చాలామంది అసలే ఇవ్వరు. దీన్ని మొదట స్పష్టంగా చెప్పినవాడు అమెరికా ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్. ఆపరేషన్‌కు డబ్బు కావాలంటే ఒక ఆరేళ్ల పాప పేరిట విరాళాలు వచ్చిపడతాయని, పన్ను వసూళ్లు తగ్గి ఆస్పత్రులు పాడైతే పెరిగే మరణాల గురించి మాత్రం ఎవరూ కన్నీళ్లు పెట్టుకోరని ఆయన 1968లో ఒక వ్యాసంలో రాశాడు. తర్వాత మనస్తత్వవేత్తలు దీన్ని ప్రయోగాలతో పరీక్షించారు. మనం దీన్ని 'ఒక్కరి ప్రభావం' అని పిలుచుకుందాం.

దీన్ని ఎలా పరీక్షించారు?

అందరూ ఉదాహరించే ప్రయోగం డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ చేసినది. 2007లో అచ్చయింది. పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. ముందు ఏదో సంబంధం లేని సర్వే నింపిస్తారు. అందుకు ప్రతిఫలంగా ఐదు ఒక డాలరు నోట్లు చేతిలో పెడతారు. దాంతోపాటు ఒక కవరు, ఆఫ్రికాలో ఆకలి గురించి ఒక కాగితం ఇస్తారు. ఇష్టమైతే ఆ ఐదింట్లో ఎన్నైనా కవర్లో పెట్టి వెళ్లవచ్చు. ఎవరెంత పెట్టారో ఎదురుగా ఎవరూ చూడరు.

కొందరికి ఇచ్చిన కాగితంలో మాలీ దేశానికి చెందిన రోకియా అనే ఏడేళ్ల పాప ఫోటో, ఆమె గురించి నాలుగు మాటలు ఉన్నాయి. వాళ్లు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. ఇంకొందరి కాగితంలో ఫలానా దేశంలో ఇన్ని లక్షలమందికి తిండి కొరత అన్న లెక్కలున్నాయి. వాళ్లు 1.14 డాలర్లు ఇచ్చారు. మూడో గుంపుకు రెండూ కలిపి ఇచ్చారు. పాప ఫోటో ఉంది, ఆమెలాంటి వాళ్లు లక్షల్లో ఉన్నారన్న లెక్కా ఉంది. రెండూ ఉంటే విరాళం పెరగాలి కదా. కానీ 1.43కి పడిపోయింది. పాప పక్కన అంకె చేరేసరికి పాపకు వచ్చేదే తగ్గింది.

అదే పరిశోధనలో ఇంకో భాగం ఉంది. దాని గురించి జనం తక్కువ మాట్లాడతారు గానీ మా దృష్టిలో అసలు ముఖ్యమైనది అదే. 'మనుషులు ఒక్కరికైతే ఎక్కువ, గుంపుకైతే తక్కువ ఇస్తారు' అని ముందుగానే విడమరచి చెప్పి, ఆ తర్వాత విరాళం అడిగారు. పొరపాటు తెలిసింది కాబట్టి గుంపుకు ఎక్కువ ఇస్తారనుకుంటాం. కానీ ఒక్కరికి ఇచ్చేది 2.83 నుంచి 1.36కి తగ్గింది. గుంపుకు ఇచ్చేది మాత్రం 1.17 నుంచి 1.26 దగ్గరే ఆగింది. లెక్క నేర్పితే జాలి తగ్గింది, దానం పెరగలేదు. ఈ పేజీలో కింద ఇచ్చిన సలహాలన్నీ ఈ ఫలితాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

లక్షలమంది అంటే ఊహకు అందదు, సరే. ఇద్దరైతే? ఎనిమిది మందైతే?

అక్కడే తగ్గడం మొదలవుతుంది. ఇజ్రాయెల్‌లో తెహిలా కోగుట్, ఇలానా రిటోవ్ 2005లో చూపించింది ఇదే. చికిత్సకు 15 లక్షల షెకెళ్లు కావాలి. కొందరికి ఆ డబ్బు ఒక్క బిడ్డ కోసమని చెప్పారు, ఇంకొందరికి అదే డబ్బుతో ఎనిమిది మంది బతుకుతారని చెప్పారు. పేరు, వయసు, ఫోటోతో చూపించిన ఒక్క బిడ్డకే జనం ఎక్కువ ఇచ్చారు. అయితే ఒకే మనిషి ముందు రెండు అప్పీళ్లూ పక్కపక్కన పెట్టి ఎంచుకోమన్నప్పుడు ఒక్కరి మీది మొగ్గు పోయి, గుంపు వైపు తిరిగింది. అంటే మనకు లెక్క రాక కాదు. పోల్చి చూసే అవకాశం లేనప్పుడు ఆ లెక్క గుర్తుకు రాదు. స్వీడన్‌కు చెందిన డేనియల్ వెస్ట్‌ఫ్యెల్, స్లోవిక్ బృందం 2014లో చేసిన ప్రయోగాల్లో ఒక్కరు ఇద్దరయ్యేసరికే జాలి తగ్గడం కనిపించింది.

ఎందుకిలా జరుగుతుంది?

ఒక్క కారణం కాదు. నాలుగైదు కలిసి పనిచేస్తాయి, అప్పీల్‌ను బట్టి ఒక్కోసారి ఒక్కోటి ముందుకొస్తుంది.

అందరికీ తోచేది బొమ్మ కట్టడం. ముఖం కళ్లకు కడుతుంది, అంకె కట్టదు. ఇది నిజమే కానీ అనుకున్నంత పెద్ద కారణం కాదు. స్మాల్, లోవెన్‌స్టీన్ 2003లో పేదలకు ఇళ్లు కట్టించే ఒక సంస్థ తరఫున విరాళాలు అడిగారు. కొందరికి 'కుటుంబాన్ని ఎంపిక చేశారు' అని, మిగతావాళ్లకు 'ఎంపిక చేస్తారు' అని చెప్పారు. ఆ కుటుంబం ఏదో ఇద్దరికీ చెప్పలేదు, ఫోటో లేదు, పేరు లేదు. అయినా ఎంపిక అయిపోయిందన్నప్పుడే ఎక్కువ వచ్చింది. ఫలానా వాళ్లని తేలిపోయిందన్న భావన ఒక్కటే చాలింది.

రెండోది వాటా. 1997లో చేసిన ఒక అధ్యయనంలో రువాండా శరణార్థి శిబిరాలకు మంచినీళ్లు పంపితే 4,500 మంది బతుకుతారని చెప్పారు. శిబిరంలో ఉన్నది 11,000 మంది అన్నప్పుడు జనం మొగ్గు చూపారు, 2,50,000 మంది అన్నప్పుడు అంత చూపలేదు. బతికేది అదే 4,500 మంది. అయినా పెద్ద గుంపులో అది చిన్న భాగంగా కనిపిస్తుంది. ఒక్కరే ఉన్న చోట మనం ఆదుకునేది నూటికి నూరు శాతం. వాటా పరంగా అంతకన్నా గొప్ప సాయం ఉండదు.

మూడోది అంకెలకు మనసు మొద్దుబారడం. నూనె గుంటల్లో పడి చచ్చిపోయే పక్షుల్ని కాపాడేందుకు ఎంత ఇస్తారని అమెరికాలో అడిగితే 2,000 పక్షులకు సగటున 80 డాలర్లు, 20,000 పక్షులకు 78, 2,00,000 పక్షులకు 88 అన్నారు. పక్షులు వందరెట్లు పెరిగినా డబ్బు కదల్లేదు. నూనెలో తడిసిన ఒక్క పక్షి కళ్లముందు మెదిలింది, దానికి వెల కట్టారు.

నాలుగోది భయం. చాలామందికి ఇది కొత్తగా అనిపిస్తుంది. డారిల్ కామెరన్, కీత్ పేన్ 2011లో సుడాన్‌లోని దార్ఫుర్ పిల్లల ఫోటోలు చూపించారు. తర్వాత డబ్బు అడుగుతామని ముందే చెప్పినవాళ్లలో ఎనిమిది మంది పిల్లల మీద జాలి తగ్గింది. డబ్బు అడగబోరని తెలిసినవాళ్లలో ఎనిమిది మంది మీదే ఎక్కువ జాలి కలిగింది. మనసు రాతిబారలేదు. ఇంత బాధ మీద వేసుకుంటే మోయలేం, ఖర్చవుతుంది అని తెలిసి ముందే తలుపు వేసుకుంది.

చివరిది, చెయ్యలేని దాని గురించిన దిగులు. ఒక బిడ్డను ఆదుకున్నందుకు కలగాల్సిన తృప్తి, పక్కనే ఆదుకోలేకపోయిన ఇంకో బిడ్డ కనిపించేసరికి చప్పబడిపోతుంది. ఇచ్చిన సాయం విలువ రవ్వంత తగ్గకపోయినా, 'నేనిచ్చే వంద రూపాయలతో ఏమవుతుంది' అన్న మాట నోటికొస్తుంది. రోకియా పక్కన లెక్కలు పెడితే విరాళం తగ్గడానికి ఇదొక కారణం కావచ్చు.

ఇదంతా గట్టిగా నిలిచిన ఫలితమేనా?

పాక్షికంగా. విరాళాలు సేకరించేవాళ్లకు ఇచ్చే శిక్షణల్లో దీన్ని వేదవాక్కులా చెబుతారు, అంత సీన్ లేదు. 2016లో 41 అధ్యయనాలను కలిపి లెక్కగట్టితే ప్రభావం ఉంది కానీ చాలా చిన్నదని తేలింది. సహసంబంధం (రెండింటి మధ్య ముడి ఎంత గట్టిదో 0 నుంచి 1 దాకా చెప్పే కొలత) 0.05 మాత్రమే. ఆపదలో ఉన్నది ఒక్క బిడ్డ అయి, ఫోటో ఉండి, పేదరికం కారణమై, ఆ బిడ్డ తప్పేమీ లేదని స్పష్టంగా ఉన్నప్పుడు ప్రభావం బలంగా కనిపించింది. ఈ మధ్య 2007 నాటి ప్రయోగాన్ని వెయ్యిమందితో మళ్లీ చేసి చూస్తే తేడా దాదాపు కనిపించలేదు. ఇంటర్నెట్‌లో జరిపిన ప్రయోగానికీ, చేతిలో నోట్లు పెట్టి జరిపినదానికీ తేడా ఉండొచ్చు. జనం ఇలాంటి అప్పీళ్లకు అలవాటు పడిపోయి ఉండొచ్చు. మా అంచనా ఏమిటంటే, వాటా భావన, అంకెలకు మొద్దుబారడం చాలా రకాల ప్రయోగాల్లో కనిపించాయి కాబట్టి వాటిని నమ్మవచ్చు. 'ఒక ఫోటో పెట్టండి, విరాళం రెట్టింపవుతుంది' అన్న హామీని మాత్రం నమ్మకండి.

ముఖం చూపించినా జనం ఇవ్వని సందర్భాలున్నాయా?

ఉన్నాయి. తన కష్టానికి తానే కారణమనిపించే మనిషిని చూపిస్తే సాయం తగ్గుతుంది. తాగి కాలేయం పాడైన మనిషి ఫోటో పెట్టడం కన్నా 'కాలేయ రోగులకు' అని మామూలుగా అడగడమే మేలు. ముఖం జాలికి ఎంత దగ్గరో నిందకూ అంతే దగ్గర. పైగా కోగుట్, రిటోవ్ 2007లో చూపినట్టు ఒక్కరి ప్రభావం 'మనవాళ్లు' అనుకునే గుంపులోని మనిషికే బాగా పనిచేస్తుంది. పేరు చూసి కులమో మతమో ఊహించుకునే చోట ఇది ఎంత అన్యాయంగా మారుతుందో చెప్పనక్కర్లేదు. చూడచక్కని చిన్నపిల్లకు మూడు రోజుల్లో డబ్బు చేరి, అదే జబ్బుతో ఉన్న యాభై ఏళ్ల కూలీకి చేరకపోవడం అవసరాన్ని బట్టి జరిగింది కాదు.

తుపానులు, భూకంపాలప్పుడు గుంపులకు కూడా ధారాళంగా ఇస్తారు కదా?

ఇస్తారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత సినిమా తారలు ఊరూరా జోలె పట్టారు, జనం కురిపించారు. ఉప్పెన ఒక్క రాత్రిలో వచ్చింది, తప్పు ఎవరిదీ కాదు, అది ఒక ప్రాంతానికి, ఒక పేరుకు కట్టుబడిన కష్టం. 'దివిసీమ' అన్నప్పుడు వేల కుటుంబాలు ఒకే మనిషిలా మనసులో నిలుస్తాయి. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో, విడివిడిగా ఉన్న ఆరుగురు పిల్లల కన్నా 'ఒకే కుటుంబంలోని ఆరుగురు పిల్లలు' అన్నప్పుడు ఎక్కువ సాయం వచ్చింది. ఏడాది పొడవునా నెమ్మదిగా చంపే కలుషిత నీళ్లకో, టీబీకో ఒక తేదీ ఉండదు, ఒక ఊరు ఉండదు, అందుకే జోలె నిండదు.

ఒక్క ఫోటో కదిలించిన జాలి ఎన్నాళ్లుంటుంది?

కొన్ని వారాలు. సిరియా నుంచి పారిపోతూ మునిగిపోయిన పసివాడు అలాన్ కుర్దీ ఫోటో 2015 సెప్టెంబరులో ప్రపంచమంతా చూసింది. అప్పటికే ఆ యుద్ధంలో లక్షలమంది చనిపోయారు. స్వీడన్ రెడ్‌క్రాస్ సిరియా శరణార్థుల నిధికి రోజువారీ వచ్చే డబ్బు ఫోటో వచ్చిన వారంలో అంతకుముందు వారం కన్నా 55 రెట్లు పెరిగింది. ఆరు వారాలకల్లా పొంగు చాలావరకు చల్లారింది. కానీ ఆ ఉద్వేగంలో నెలనెలా కట్టేలా పేరు నమోదు చేసుకున్నవాళ్లలో దాదాపు అందరూ కొనసాగించారు. ఫోటో చూసిన రోజు ఒకేసారి ఇచ్చి ఊరుకోకుండా బ్యాంకులో నెలవారీ ఆదేశం పెట్టుకున్నవాళ్ల జాలే ఆ పొంగు చల్లారాక కూడా పనిచేసింది.

బోరుబావి ప్రమాదాల్లో కనిపించేది ఇదేనా?

ఇంత తేటగా ఇంకెక్కడా కనిపించదు. 2006లో హర్యానాలోని కురుక్షేత్ర జిల్లాలో ఐదేళ్ల బాలుడు బోరుబావిలో పడితే రెండు రోజులపాటు దేశమంతా టీవీల ముందు కూర్చుంది. సైన్యం పక్కన సొరంగం తవ్వి బతికించి తీసింది. 2017లో చేవెళ్ల దగ్గర పడిన పసిబిడ్డ కోసం రాత్రింబవళ్లు తవ్వారు, దక్కలేదు. లోపల ఉన్న ఆ ఒక్క ప్రాణం కోసం యంత్రాలు, డబ్బు, జనం ఏ లోటూ లేకుండా వస్తాయి. రావాల్సిందే.

ఆ గుంత పూడ్చడానికి మాత్రం ఎవరూ రారు. సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. బోరు వేసే ముందు 15 రోజులు ముందుగా అధికారులకు తెలపాలి. వేసేటప్పుడు చుట్టూ ముళ్లకంచె ఉండాలి. కేసింగ్ పైపు చుట్టూ అర మీటరు వెడల్పు, అర మీటరు పొడవున సిమెంటు దిమ్మె కట్టాలి, అది నేలపైన 30 సెంటీమీటర్లు, నేలలోపల 30 సెంటీమీటర్లు ఉండాలి. పైపు నోటికి ఇనుప పలక వెల్డింగ్ చేయాలి, లేదా బోల్టులతో బిగించే మూత పెట్టాలి. నీళ్లు పడని బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలి. గోనెసంచి కప్పి పైన రాయి పెట్టడం మూత కాదు, పిల్లలు పడేది సరిగ్గా అలాంటి చోటే. మోటారు, కేసింగ్ పీక్కుపోయి పైన ఏదీ పెట్టకపోవడమే ఎక్కువగా జరిగే తప్పు. మీ సంఘం దగ్గర కొంచెం డబ్బుంటే మీ మండలంలో తెరిచి ఉన్న బోర్ల జాబితా రాసి, మూతలు వేయించండి. ఏ బిడ్డను కాపాడారో మీకెప్పటికీ తెలియదు, అందుకే ఈ పనికి విరాళాలు రావు. అడిగేవాళ్లు అందుకు సిద్ధపడాలి.

ఒక్క బిడ్డ ఇంజెక్షన్‌కు 16 కోట్లు పోగు చేయడం తప్పా?

తప్పనే మాట మేం అనం. కండరాలను క్షీణింపజేసే ఎస్‌ఎంఏ అనే జన్యు వ్యాధికి ఒక్కసారే ఇచ్చే జన్యు చికిత్స ధర 2021లో దాదాపు 21 లక్షల డాలర్లు, అప్పటి మన లెక్కలో సుమారు 16 కోట్లు. ఆ ఏడాదే హైదరాబాద్‌లో ఒక పసివాడి కోసం వేలాదిమంది చిన్న చిన్న మొత్తాలిచ్చి దాన్ని సమకూర్చారు. ఆ డబ్బు ఆ బిడ్డ ముఖం లేకపోతే పుట్టేదే కాదు, కాబట్టి 'దాన్ని వేరేదానికి వాడి ఉంటే' అన్న లెక్క సగమే నిజం. ఆ సగం మాత్రం పట్టించుకోవాల్సినదే. మలేరియా దోమతెరలు, విటమిన్-ఏ వంటి పనులను ఏళ్ల తరబడి మదింపు చేసినవాళ్ల లెక్కల్లో ఒక ప్రాణం కాపాడటానికి కొన్ని వేల డాలర్లు అవుతుంది. 21 లక్షల డాలర్లంటే వందల ప్రాణాలు. మీరు ఇచ్చే 500 ఎవరికివ్వాలో మీ ఇష్టం. కానీ ఆ అప్పీల్ మీ ముందుకు వచ్చిందే ముఖం బాగా పనిచేసింది కాబట్టి అని గుర్తుంచుకోండి. అదే జబ్బుతో ఉండి వీడియో తీయించుకోలేని ఇళ్లు మీ ఫోన్‌దాకా రావు.

ఒక్కరి మీది జాలి అందరికీ పనికొచ్చే పథకంగా మారిన ఉదాహరణ ఉందా?

మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి 2007 దాకా ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఆస్పత్రి ఖర్చులకు 55 వేలకు పైగా కేసుల్లో సుమారు 168 కోట్లు ఇచ్చారు. ఒక్కో అర్జీ వెనక ఒక మనిషి, ఒక ఎమ్మెల్యే లెటర్, సచివాలయం చుట్టూ తిరుగుడు. ఎవరి అర్జీ చేరితే వాళ్లకే సాయం. ఇన్ని అర్జీలు ఒకేచోట కుప్పపడ్డాక, ఏ జబ్బులకు పేదలు అప్పులపాలవుతున్నారో కనిపించింది. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. అప్పటినుంచి కార్డు ఉంటే చాలు, కథ చెప్పుకోనక్కర్లేదు. పథకంలో లోటుపాట్లు ఎన్నున్నా, తెలిసినవాళ్లు లేని మనిషికీ ఆపరేషన్ దక్కుతుంది. సేవా సంఘాలు కూడా ఇదే చెయ్యవచ్చు. వచ్చిన ప్రతి అర్జీని ఒక రిజిస్టర్‌లో జబ్బు, ఊరు, మొత్తం వారీగా రాసిపెడితే, ఏడాది తిరిగేసరికి ఒక్కొక్కరికి కాక అసలు కారణానికి ఎక్కడ ఖర్చుపెట్టాలో ఆ రిజిస్టరే చెబుతుంది.

వాట్సాప్‌లో ఒక బిడ్డ ఫోటో, క్యూఆర్ కోడ్ వచ్చాయి. ఏం చెయ్యాలి?

ముందు పది నిమిషాలు ఆగండి. ఆ పది నిమిషాల్లో ఇవి చూడండి:

1. తేదీ. అప్పీల్‌లో తేదీ లేకపోతే పాతదే కావచ్చు. ఏళ్ల క్రితం కోలుకున్న, లేదా చనిపోయిన పిల్లల ఫోటోలు ఇంకా తిరుగుతుంటాయి. ఫోటోను గూగుల్ లెన్స్‌లో వేసి వెతకండి.
2. ఆస్పత్రి. మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకు చేయకండి. ఆస్పత్రి వెబ్‌సైట్ నుంచి రిసెప్షన్ నంబరు తీసి, ఆ పేరుతో పేషెంట్ ఉన్నారో లేదో, విరాళం నేరుగా ఆస్పత్రి ఖాతాకు, పేషెంట్ ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు మీద కట్టవచ్చో అడగండి. వివరాలు చెప్పలేమని అంటే, కుటుంబసభ్యుల్ని లైన్‌లోకి తీసుకోండి.
3. ఎస్టిమేట్. ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద తేదీ, డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఖర్చు వివరం ఉండాలి. వివరం లేకుండా ఒకే పెద్ద గుండుగుత్త అంకె ఉంటే అడగండి.
4. యూపీఐ స్క్రీన్ మీద వచ్చే పేరు. స్కాన్ చేశాక కనిపించే పేరు తల్లిదండ్రులదో ఆస్పత్రిదో కాకపోతే ఆపండి. అసలు అప్పీల్‌లో క్యూఆర్ కోడ్ ఒక్కటే మార్చి పంపడం మోసగాళ్లకు చాలా తేలిక.
5. ప్రభుత్వ సాయం. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తిస్తుందా అని అడగండి. ఆస్పత్రిలో ఈ పథకం డెస్క్ దగ్గర సాయం చేసే ఉద్యోగి (ఆరోగ్యమిత్ర) ఉంటారు. చాలా ఇళ్లు కంగారులో ఆ డెస్క్‌కు వెళ్లకుండానే అప్పీల్ పెడతాయి. ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఆస్పత్రికి ముందుగా ఇచ్చే హామీ పత్రానికి (ఎల్‌వోసీ) దరఖాస్తు పెట్టడంలో సాయపడితే, మీరిచ్చే వెయ్యి రూపాయల కన్నా అది ఎక్కువ విలువైనది కావచ్చు.

అన్నీ సరిపోతే ఇవ్వండి, మనస్ఫూర్తిగా ఇవ్వండి. సరిపోకపోతే ఫార్వర్డ్ కూడా చెయ్యకండి. మీరు పంపితే మీ పేరు చూసి మీవాళ్లు నమ్ముతారు.

దాతగా నా డబ్బు ఎలా పంచుకోవాలి?

జాలిని చంపుకోవద్దు. 2007 ప్రయోగం చెప్పింది అదే. లెక్కల మనిషిగా మారితే ఇచ్చేదే తగ్గుతుంది. కాబట్టి ఎప్పుడు ఇవ్వాలో మనసును చెప్పనివ్వండి, ఎక్కడికి పోవాలో కొంతభాగం ముందే తేల్చిపెట్టండి.

ఏడాది మొదట్లో ఇవ్వగలిగే మొత్తం రాసుకోండి, ఉదాహరణకు 24,000. సగాన్ని, అంటే నెలకు 1,000ని, జీతం పడిన మరునాడే పోయేలా బ్యాంకులో నెలవారీ ఆదేశం పెట్టి, మీరు ఒకసారి కూర్చుని పోల్చి ఎంచుకున్న పనికి కట్టండి. ఎంచుకునేటప్పుడు రెండు మూడు సంస్థల వివరాలు పక్కపక్కన పెట్టుకోండి. పక్కపక్కన పెడితే మన తీర్పు మెరుగవుతుందని కోగుట్, రిటోవ్ ప్రయోగమే చూపింది. సంస్థను అడగాల్సింది 'ఒక్కొక్కరికి ఎంత ఖర్చవుతోంది, ఏం మారింది' అని. 'ఆఫీసు ఖర్చు ఎంత శాతం' అన్నది ఒక్కటే అడిగితే తప్పుదారి పడతాం. లెక్కలు సరిగా రాసే అకౌంటెంట్‌కు జీతం ఇవ్వడం దుబారా కాదు.

మిగతా 12,000 ఫోన్‌లోకి వచ్చే ముఖాల కోసం ఉంచండి. పనిమనిషి కొడుకు ఫీజు, స్నేహితుడి తమ్ముడి ఆపరేషన్, గుండె ఎటు లాగితే అటు. దాతల్ని ఇలా రెండు చోట్లకీ పంచమని అడిగితే చాలామంది ఒప్పుకుంటారని లూషియస్ కవియోలా, జాషువా గ్రీన్‌ల పరిశోధనలో తేలింది. ఏదో ఒకటే ఎంచుకోమంటే మనసుకు నచ్చినదే గెలుస్తుంది.

మేం చిన్న సంస్థ నడుపుతాం. అప్పీల్ ఎలా రాయాలి?

ఒక్కరి కథతో మొదలుపెట్టండి. ఆ కథలోనే మీరేం చేస్తారో చెప్పండి. లక్షల లెక్క పక్కన పెట్టకండి, పెట్టాల్సి వస్తే వాటాగా మార్చండి. 'రాష్ట్రంలో ఇన్ని లక్షలమంది పిల్లలకు రక్తహీనత' అన్నదాని కన్నా 'ఈ స్కూల్లో 62 మంది ఆడపిల్లలు, అందరికీ ఏడాది పాటు మాత్రలు, రెండుసార్లు పరీక్ష, ఇంత ఖర్చు' అన్నది పనిచేస్తుంది. 62 మందీ ఒకే స్కూలు, నూటికి నూరుమందీ చేరతారు, డబ్బు ఎక్కడికి పోతుందో తెలుస్తుంది. 'ఎంపిక చేస్తాం' అని రాయకండి. ఎంపిక పూర్తిచేసి 'ఎంపిక అయ్యారు' అని రాయండి.

సాక్ష్యం, అధ్యయన ఫలితాలు పెడితే ఏమవుతుంది? డీన్ కార్లన్, డేనియల్ వుడ్ ఒక సంస్థ దాతలకు పంపే ఉత్తరాల్లో ఇది పరీక్షించారు. మొత్తమ్మీద తేడా రాలేదు. కానీ అంతకుముందు పెద్ద మొత్తాలిచ్చినవాళ్లు ఎక్కువిచ్చారు, చిన్న మొత్తాలిచ్చేవాళ్లు తగ్గించారు. కాబట్టి రెండు ఉత్తరాలు రాయండి. పాత పెద్ద దాతకు ఫలితాల పట్టిక, కొత్తవాళ్లకు ఒక్క కథ.

ఎక్కువగా చెడేది ఫోటో దగ్గర. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, స్కూలు, ఫోటో బయటపెట్టకూడదు. శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. హోమ్‌లో ఉండే పిల్లల ముఖాలతో పోస్టర్లు వేసేవాళ్లు ఇది తెలియకే వేస్తారు. చట్టం వర్తించని చోట కూడా, కన్నీళ్లు కారుస్తున్న బిడ్డ ఫోటో ఇరవై ఏళ్ల తర్వాత ఆ బిడ్డే చూసుకుంటుందని అనుకుని ఎంచండి. పేరు మార్చి, వెనకనుంచి తీసిన ఫోటో పెట్టి, 'పేరు మార్చాం' అని రాయండి. కొంత విరాళం తగ్గుతుంది, తగ్గనివ్వండి. రెండు మూడు బతుకుల్ని కలిపి ఒక 'లక్ష్మి'ని కల్పించడం మాత్రం వద్దు. దాత ఒకరోజు 'లక్ష్మి ఎలా ఉంది' అని అడుగుతాడు.

ఆ మనిషి పేరిట అడిగిన డబ్బు మిగిలితే ఏం చేస్తారో అప్పీల్‌లోనే ఒక వాక్యం ఉండాలి. చికిత్స ముందే ముగిసినా, బిడ్డ దక్కకపోయినా, అవసరానికి మించి వచ్చినా గొడవ అక్కడే మొదలవుతుంది.

రక్తదానంలో కూడా ఇదేనా?

అచ్చంగా ఇదే. 'యశోదలో పేషెంట్‌కు బి నెగెటివ్ అర్జెంట్' అంటే పది ఫోన్లొస్తాయి. కానీ ఆపదలో పనికొచ్చేది అప్పటికే పరీక్షించి ఫ్రిజ్‌లో పెట్టిన రక్తం. ఎర్రకణాలు వాడే ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులుంటాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి జీవితాంతం రక్తం ఎక్కించాలి. వాళ్ల కోసం అర్జెంట్ మెసేజ్ రాదు, ఎండాకాలం సెలవుల్లో నిల్వలు తగ్గినప్పుడు వాళ్లకే తక్కువ పడుతుంది. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని, ఎవరూ అడగకపోయినా వెళ్లి ఇవ్వండి.

వ్యక్తికి ఇస్తే పన్ను మినహాయింపు వస్తుందా? విదేశాల నుంచి ఇవ్వవచ్చా?

వ్యక్తికి నేరుగా ఇచ్చినదానికి రాదు, అది క్రౌడ్‌ఫండింగ్ సైట్ ద్వారా అయినా సరే. 80జి పేరుతో మనకు తెలిసిన మినహాయింపు అనుమతి పొందిన సంస్థలకిచ్చినప్పుడే, పాత పన్ను విధానం ఎంచుకుంటేనే వర్తిస్తుంది. 2,000 దాటిన నగదుకు రాదు. సంస్థ నుంచి ఈ మినహాయింపు కోసం ఇచ్చే, 10బీఈగా మనకు తెలిసిన విరాళం సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, మామూలు రసీదు చాలదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉంటే, బ్యాంకు ద్వారా పంపే మీ డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్నవాళ్ల డబ్బు వస్తుంది. అప్పుడు ఆ సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని దాని ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే పంపాలి. ఊళ్లోని సంఘం మామూలు ఖాతాకు అమెరికా పౌరుడు డబ్బు వేస్తే ఇబ్బంది పడేది ఆ సంఘమే, కాబట్టి పంపేముందు మీ పాస్‌పోర్టు ఏదో వాళ్లకు చెప్పండి.